నీళ్లు నిలిచే బుట్ట

ముప్పై ఒక్క ఏళ్లు
పోర్ట్‌లాండ్‌లో కట్టుడు పళ్లు చేశాను.
చిగుళ్ల రంగు, నమిలి నమిలి అరిగిన అంచు,
పొగ తాగేవాడి గార కూడా,
అడిగితే అదీ వేసిచ్చేవాణ్ణి.
కళ్లను బుట్టలో వేయడం నాకు కొత్తేం కాదు.

ఇప్పుడు మెయిన్ రాష్ట్రం తూర్పు కొసన
సిపాయిక్ వెళ్లే దారిలో, గరాజులో,
లేత్ మీద మేపుల్ దిమ్మ గిర్రున తిరుగుతుంటే
ఉలి ఆనించి పూసలు తీస్తాను,
నడిమి నుంచి అంచు దాకా నలభై రెండు చుట్లు.
పూసకీ పూసకీ మధ్య తీగ బిగించి పడితే
రాపిడికి పొగ లేచి
నల్ల గీత తనంత తాను పడుతుంది.
తర్వాత లేత్ ఆపి, కాలే సూదితో అడ్డగీతలు,
చుట్టుకు తొంభై ఆరు గదులు.
మీరు లెక్క కట్టకండి, నేను కట్టాను:
నాలుగు వేల ముప్పై రెండు.
గదికొక సిరా బొట్టు.
తుమ్మొస్తే పెన్ను పక్కన పెట్టి
మంచులోకి వెళ్లి తుమ్మి వస్తాను.

అంచుకి మాత్రం చెర్రీ చెక్క,
పన్నెండు ముక్కలు అతికిన చక్రం.
ముక్కకు రెండు కోతలు, కోతకు పదిహేను డిగ్రీలు.
ఒక కోత అర డిగ్రీ అబద్ధమాడితే
పదకొండు ముక్కలూ నోరు మూసుకుంటాయి,
పన్నెండోది చెప్పేస్తుంది.

అక్టోబరులో మొదలెట్టింది ఫిబ్రవరిలో అయింది.
పాత కోటులో చుట్టి
డెల్ఫిన్ సబాటిస్ ఇంటికి పట్టుకెళ్లాను.

పాసమక్వాడి మనిషి. ఆమె బుట్ట
చెట్టును బాదడంతో మొదలవుతుంది.
యాష్ దుంగను గొడ్డలి వెనక మొద్దుతో
అంగుళం అంగుళం కొడుతూ పోతే
ఏడాదికొక పొర లేస్తుంది.
వానలు పడ్డ ఏడు మందంగా, ఎండిన ఏడు పలచగా.
తాత పుట్టిన ఏడూ, తండ్రి పోయిన ఏడూ
ఒకదాని కిందనించి ఒకటి దూరి పైకొస్తాయి.
ఇప్పుడా చెట్లను పచ్చ పురుగు తింటోంది.
బెరడు ఊడదీసి లోపలి వంకర దారులు చూపించి
"ఇదీ అల్లుతోంది, చూడు" అంటుంది, నవ్వకుండా.

గిన్నె చేతికిచ్చాను.
గోటితో కొట్టింది. వాసన చూసింది.
"ఏం చెక్క?"
"మేపుల్."
"బతికిపోయావు."
తిప్పింది. "ఈ మెట్ల వరస ఎవరిది?"
"నాదే. గ్రాఫ్ కాగితం మీద గీసుకున్నాను."
"సరే అయితే." మళ్లీ తిప్పింది.
"లెక్కపెట్టావా?"
"పెట్టాను."
"నేను పెట్టను. బద్ద అయిపోయిన చోట ఆగుతాను."

తర్వాత, "నాకిస్తావా?" అంది.
బాంగర్ సంతలో బల్ల మీద నిలబెట్టాలని
దాని కొలతకు చిన్న పీట కూడా చేసి ఉంచాను.
లేదనడానికి నోరు రాలేదు.
పీట ఇంకా గరాజులోనే ఉంది, ఖాళీగా.

మార్చి చివర ఒకరోజు వెళ్తే
వంటింటి బల్ల మీద నా గిన్నె, నిండా నీళ్లు.
నీళ్లలో చుట్టలు చుట్టుకుని యాష్ బద్దలు.
పైపూత అక్కడక్కడ తెల్లబారింది.
ఏడో చుట్టు ఎరుపు
ఎనిమిదో చుట్టులోకి జారుతోంది.
నాలుగు నెలలు. తుమ్ములు కూడా లెక్కే.
మాట గొంతు దాకా వచ్చింది.

ఆమె తడి బద్దొకటి పైకి తీసి
కొసను వేలికి చుట్టి, విరగదని చూసుకుని,
"బుట్టలో నీళ్లు పోస్తున్నావేంటి, కారిపోవూ అని
మనవడు రెండు రోజులు కాపలా కూర్చున్నాడు" అంది.
అప్పుడు నవ్వింది.

ముప్పై ఒక్క ఏళ్లు పళ్లు చేశాను గానీ
వాటితో ఎవరు ఏం నమిలారో
రాత్రి ఏ గ్లాసు నీళ్లలో వేసి పడుకున్నారో
ఒక్కసారీ చూడలేదు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
ఎంతసేపు నానాలని అడిగాను.