పెదవులు కలిసే చోటు

సాలిగ్రామంలో మేడమీది గది.
పాత డెస్క్‌టాప్ ఒకటి,
వాయిదాలింకా తీరని ల్యాప్‌టాప్ ఒకటి.
మధ్యలో నీలం తీగ,
దండెంలా కాస్త వేలాడుతూ.

ఇళవరసు కింద చతికిలబడి అడిగాడు:
"ఒన్ వేయా అక్కా, టూ వేయా?"
ఒన్ వే అయితే ఇక్కడిది అక్కడికి పోతుంది, అంతే.
టూ వే అయితే ఇక్కడ చెరిపింది అక్కడా చెరుగుతుంది.
"రెండువైపులా పెట్టు" అన్నాను,
పాలు పొంగుతుంటే లేచి వెళ్తూ.

నాకిది కొత్త పనేం కాదు.
ఇరవై రెండేళ్లుగా అరవం మాట్లాడే నోళ్లలో
తెలుగు కూర్చిపెడుతున్నదాన్ని.
అక్కడ పెదవులు మూతపడితే
ఇక్కడో ప, ఓ బ, ఓ మ పడాలి.
"పో"కి "పో" దొరికిన రోజు నాకు పండగ.
"వేండాం" అని ఆ అమ్మాయి నోరు మూసేశాక కూడా
నా "వద్దు" తెరుచుకునే ఉంటుంది.

మొన్న రాత్రి రెండింటికి
దొరికింది దానికో మాట.
డెస్క్‌టాప్‌లో కొట్టి, పడుకున్నాను.

తెల్లారేసరికి లేదు.
ల్యాప్‌టాప్‌లోని పాత ప్రతి వచ్చి
దానిమీద కూర్చుంది.

ఇళవరసు మూలనున్న తేదీ చూపించాడు:
2010, జనవరి ఒకటి.
లోపలి సెల్లు ఎప్పుడు చచ్చిందో,
కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ
ఈ పెట్టె అదే కొత్త సంవత్సరంలో నిద్రలేస్తోంది.
"నువ్వు రాత్రి రాసింది దాని లెక్కలో పాతదక్కా,
కొత్తదొచ్చి తినేసింది."

రిచీ స్ట్రీట్‌లో సెల్లు ముప్ఫై రూపాయలు,
రూపాయి బిళ్లంత.
పాతదాన్ని పారెయ్యబుద్ధి కాక
పర్సులో పడేశాను.
వడపళని బస్సులో చిల్లర ఏరి ఇస్తే
కండక్టరు అరచేతిలో తిప్పి చూసి
"ఇదు సెల్లాదుమ్మా" అన్నాడు.
నిజమే, సెల్లే, చెల్లదు.
నేనొక్కదాన్నే నవ్వాను బస్సంతట్లో.

ఇప్పుడు రెండు గడియారాలూ ఒకే నిమిషంలో ఉన్నాయి.
ఫోల్డరు పక్కన ఆకుపచ్చ టిక్కు.
రేపు పదింటికి రికార్డింగు.

సీను మళ్లీ వెనక్కి జరిపాను.
ఎగ్మూరు స్టేషను మెట్లమీద ఆ అమ్మాయి
తల తిప్పుతుంది, పెదవులు కలుపుతుంది.
పోయిన మాట చివర మ ఉందని గుర్తు.
ముందు రెండక్షరాలో, మూడో.
శబ్దం తీసేసి
పదకొండోసారి చూస్తున్నాను.
కింది వాటాలో కుక్కరు కూస్తోంది.
నా నోరూ మూతపడుతోంది, తెరుచుకుంటోంది
ఆమెతోపాటే,
ఇంకా ఏ మాటా లేకుండా.