ఏడు చుక్కలు

హెడ్‌లైటు చుట్టూ ఉండే మెరుపు రేకు కోసం
అస్మారాలో మెదెబెర్ సంతంతా గాలించాను.
నూనె డ్రమ్ములు పొయ్యిలయ్యే చోట,
మంచం స్ప్రింగులు ఎలుకబోనులయ్యే చోట.
ఆ సుత్తుల మోతలో నోటితో అడిగితే వినపడదు,
వేలితో గాలిలో సున్నా చుట్టి చూపించాలి.
అందరూ తల అడ్డంగా ఊపారు.
ఒక్కడు మాత్రం నా చెవి దగ్గరికొచ్చి
"కెరెన్‌లో మంగలి కొట్టుంది. అద్దం చూడు" అని అరిచాడు.

నిజమే.
మూడు గంటలు బస్సులో కిందికి దిగి వెళితే
మంగలి అద్దానికి చట్రమై కూర్చునుంది
మా ఫియట్‌కి సరిపోయే ఎడమ కన్ను.
నలభై ఏళ్లుగా గడ్డాలు చూస్తోందట.
ఇవ్వనన్నాడు.
టీ తాగించి, మళ్లీ ఇవ్వనన్నాడు.

రంగు అలా కాదు, అదెక్కడికీ పోదు.
దాని మీద ఇంకోటి కూర్చుంటుంది, అంతే.

పెట్రోలు మూత పక్కన నాణెమంత చోటు చూసుకుని
ఘిర్మాయ్ నీటికాగితం తడిపాడు.
పసిబిడ్డ మాడు మీద నూనె అద్దినట్టు
చూపుడువేలితో గుండ్రంగా, గుండ్రంగా.
పైన బూడిదరంగు, ఎవరి పెళ్లికో వేసింది.
కింద టాక్సీ పసుపు.
ఆ కింద సైన్యం ఆకుపచ్చ,
దాని గురించి ఎవరం ఏమీ అనలేదు.
ఆ కింద ఎప్పటిదో సొట్ట నింపిన ఎర్ర పుట్టీ.
ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు వలయాలు.
(కళ్లు మండాయి కూడా, థిన్నరుకి.)
అన్నిటికన్నా లోపల, గోరంత.

ఏమనాలి దాన్ని?
పచ్చ అంటే నీలం అలుగుతుంది.
లేత బఠాణీల మీద పాలు ఒలికి
ఆ పాలలో చిటికెడు బూడిద రాలినట్టు.
ఫ్యాక్టరీవాళ్లు దానికో అంకె వేసే ఉంటారు.
ఆ అంకె చెబితే నవ్వేవాళ్లే గాని
డబ్బా తీసి ఇచ్చేవాళ్లు లేరు.

ఘిర్మాయ్‌కి కుడికంటి శుక్లం పోయిన నెల తీశారు.
ఎడమకంటిది ఇంకా అలాగే ఉంది.
తెల్ల పళ్లెంలో రంగులు కలుపుతూ
ఒక కన్ను మూసి చూస్తాడు, ఆనక రెండోది.
"కుడిది ఫ్యాక్టరీ కన్ను, రిగ్బె.
ఎడమది ఎండ కన్ను."
తడి మీద కుదిరిందల్లా ఆరాక తప్పింది,
నీడలో కుదిరింది మధ్యాహ్నం పరువు తీసింది.
నాలుగు రోజులకి, పన్నెండో రేకు ముక్క
వలయం మధ్యన పెడితే
అంచు కనిపించలేదు.

ఆబ్రెహెత్‌ని పిలిచాం.
మంత్రసాని. ఆ కారేసుకుని అర్ధరాత్రులు తిరిగి
మా వీధి వీధినీ భూమ్మీదికి దించిన మనిషి.
రేకు పట్టుకుని ఎండలోకి నడిచింది.
"ఇది కాదు."
వలయం చూపించాం.
"అదీ కాదు."
నేను నోరు తెరవబోతే
ఘిర్మాయ్ నా కాలు తొక్కాడు.
కుడికన్ను అరచేత్తో మూసుకుని
రేకు వంక చాలాసేపు చూశాడు.

"మొదటి రంగుతో ఎన్నాళ్లుంది నీ దగ్గర?"
"పంతొమ్మిదేళ్లు."
"షెడ్డులో పెట్టేదానివా?"
"నాకెక్కడి షెడ్డు! ఆస్పత్రి గోడ పక్కన,
పడమటెండలో."

కావి పసుపు డబ్బా మూత తీశాడు.
పుల్ల ముంచి ఒక చుక్క. కలిపాడు. చూపించాడు.
ఇంకో చుక్క.
నాలుగో చుక్కకి "ఊఁ, ఇంకా" అంది.
ఏడో చుక్కకి ఏమీ అనలేదు.
కళ్లజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది,
తుడుస్తూనే ఉంది.

సాయంత్రం డబ్బా మీద పేరు రాయాలి.
ఏం రాయను, అసలు రంగు అనా, అని అడిగాను.
"అసలు అనే రాయి.
పక్కన ఏడు చుక్కలు పెట్టు."

అసలు.......

గురువారం మళ్లీ కెరెన్ వెళుతున్నాను,
చంకలో కొత్త అద్దం, దానికి మంచి టేకు చట్రం.
మంగలి టీ అయితే తాగిస్తాడు.