సి-పద్నాలుగో స్తంభం

ప్రతి మార్చిలోనూ మా కంపెనీకి
తనకో మనసుందని గుర్తొస్తుంది.
లాభంలో నూటికి రెండు ఖర్చవ్వాలి,
మిగిలితే సంజాయిషీ,
అందుకని నెలాఖరులో లారీ నిండా
పెన్సిలు డబ్బాలు దిగుతాయి.
వాటిని లెక్కపెట్టే ఉద్యోగం నాది.

సర్జాపూర్ రోడ్డులో ఇరవై రెండంతస్తుల అడుగున
రేపు కార్లు పడుకోబోయే చోట
ఇవాళ్టికి పిల్లలు పడుకుంటున్నారు.
గోడ మీద ఏనుగు,
పై ఫ్లాట్లకు పూయగా మిగిలిన రంగుతో వేశారు,
ఒళ్లంతా దంతమే దానికి.

ఆయా తిప్పమ్మది కోసిగి.
నన్ను చూడగానే కేకేస్తుంది,
"ఫోటో సారు వచ్చినాడు, టోపీలు పెట్టుకోండ్రప్పా!"
పెద్దవాళ్ల హెల్మెట్లలో ముఖాలు మునిగిపోయి
ముప్పై ఒక్క పసుపు గిన్నెలు బోర్లించినట్టుంటుంది.
నిరుటి నివేదికకి అదే అట్ట.

ఈసారి షీటులో కొత్త గడి:
'ఎదుగుదల. రుజువు జతపరచండి.'
రిజిస్టరేదమ్మా అంటే
సెల్‌ఫోను దీపం పట్టుకుని
సి-పద్నాలుగు దగ్గరికి నడిపించింది.

కాంక్రీటు మీద బొగ్గు గీతలు.
మోకాలి ఎత్తులో ఒకటి, పక్కన సున్నా:
వాడికింకా నడక రాలేదని.
తిప్పమ్మ కూతురు ఉరుకుందువి రెండు గీతలే.
"ముందరివి యలహంక సైట్లో ఉండాయి సార్,
ఒగటి హెణ్ణూరులో.
ఇబ్బుడు ఆడ ఎవరో కాపురముంటారు,
లోపలికి పోనియ్యరు."

బెంగళూరంతా చెదిరి ఉంది
మూడడుగుల పిల్ల పొడవు.

ఫోటో పంపాను. పైఅధికారి శ్రీవత్స తిప్పి కొట్టాడు:
వెనక ఇనుప చువ్వ, బిడ్డకి చెప్పుల్లేవు,
సేఫ్టీవాళ్లు ఒప్పుకోరు.
నేను వాదించలేదు.
ఏప్రిల్లో ఇంక్రిమెంట్లు.
ముందు చువ్వ కత్తిరించాను, తర్వాత పాదాలు,
చివరికి గీతలే మిగిలాయి,
అవేమిటని అడిగారు.

ప్లాస్టరింగ్ రోజున మేస్త్రి హుసేనప్ప
మూడు వైపులా పూసి
నాలుగో వైపు రాగానే టీకి పోయాడు.
తిరిగొచ్చి, తాపీ కడిగి,
మళ్లీ టీకి పోయాడు.
సూపర్‌వైజరు అరిచాక
ఎవరి వైపూ చూడకుండా పూసేశాడు.

తడి సిమెంటుకు వీపానించి
నెత్తి మీద అరచెయ్యి పెట్టుకుని నిలబడింది ఉరుకుందు.
"నా ఎత్తు యాడికి పాయెమా?"
"లోపలుంది. యాడికీ పోదు. గౌను ఖరాబైతాది, ఇట్ల రా."

లబ్ధిదారులు ముప్పై ఒకరు.
ఎదుగుదల సంతృప్తికరం.
సంతకం నాదే.

ఇప్పుడక్కడ ఓ తెల్లకారు నిలుస్తుంది.
వెనక్కి తీసేటప్పుడు
స్తంభం ఇంకా అడుగు దూరముండగానే
కీచుకీచుమని ఏడుస్తుందట.
ఏ కారైనా
ఏ స్తంభాన్ని చూసినా అంతే చేస్తుంది,
నాకు తెలుసు.