ఖాళీ గడి

పొద్దున నాలుగున్నరకి పాలకేంద్రం తలుపు తీస్తాను.
క్యాన్ల మూతల చప్పుడు, మిషను కూత,
ఫ్యాటు నాలుగు పాయింటు రెండు, తరవాత మనిషి,
ఫ్యాటు మూడు పాయింటు తొమ్మిది, తరవాత మనిషి.
పదహారేళ్లుగా ఈ అంకెల్ని
నీలం అట్ట పుస్తకంలోకి ఎక్కిస్తా ఉండాను.
రాసినాను గానీ
ఒక్కనాడూ చదివింది లేదు.

సాయంత్రం బండికి క్యాన్లెత్తి
పలమనేరు బస్టాండు వెనక మేడమీదికి పోతాను.
పదకొండు మందిమి, కంప్యూటర్లు ఆరు.
పక్కన కూర్చునే డిగ్రీ అబ్బోడు
మొదటిరోజే అడిగినాడు,
"పిన్నీ, ఎవుర్ని దిగబెట్టేదానికి వచ్చినావు?"
నన్నే, అంటిని.

నేర్పేది నస్రీన్. నా కూతురికన్నా చిన్నది.
"ఈ రెండు గీతల గుర్తుని చూసి మోసపోవద్దక్కా,
ఇక్కడ అది సమానం కాదు, పొయ్యడం.
కుడిపక్క ఉండేదాన్ని ఎడమపక్క చెంబులో పోస్తావు.
చెంబుకొక పేరు పెట్టుకో."
'పాలు' అని పెట్టినాను, తెలుగులోనే.
ఒప్పుకోదేమో అని జంకితే
నోరెత్తకుండా తీసుకునింది.

ఆ మంచితనం ఆ ఒక్కరోజే.
తరవాత మూడు వారాలు తిట్లు.
ఏడో వరసలో తప్పంటుంది.
ఏడో వరస ముత్యాల్లాగా ఉంటుంది,
ఆరోదాంట్లో బ్రాకెట్టు మూయడం మరిచుంటాను.
మా అత్తా ఇంతే,
అరిచేది అంట్ల దగ్గిర, కోపం ఇంకెక్కడో.

లూపు మాత్రం నాకెవురూ నేర్పబన్లేదు.
వరసలో నిలబడిన ఒక్కో మనిషికీ
క్యాను దించు, కలుపు, శాంపిలు తియ్యి, రాయి.
వరస అయిపోయేదాకా ఇదే.
నాలుగు ఖాళీలు లోపలికి జరిపి రాసేదొక్కటే కొత్త.

ఆర్నెల్ల పుస్తకం, ఎనభై రెండు మంది, రెండు పూటలు.
రాత్రిళ్లు కూర్చుని అంతా ఎక్కించి
సరాసరి అడిగినాను.
రెప్ప కొట్టేలోపల చెప్పేసింది.
అందరికన్నా అడుగున దేశమ్మ,
పూటకి మూడు పాయింటు ఒకటి.

దేశమ్మ ఆవు నాకు తెలుసు.
ఐదు లీటర్లకి తగ్గితే ఆ మనిషి
మేతని తిడుతుంది, నన్ను తిడుతుంది, మిషన్ని తిడుతుంది.
వరసలన్నీ పైనుంచి కిందికి దించి చూసినాను.
సున్నా. సున్నా. సున్నా.
నూట నలభై ఆరు సున్నాలు, నా చేతిరాతవే.
మొగుడు తిరుపతి రుయాలో మంచమ్మీద ఉన్న రోజులు,
ఆవుని చెల్లెలు గుడియాత్తం తోలుకొని పోయిన రోజులు.

"రాకపోవడమూ సున్నా ఒకటేనా అక్కా?" అనింది నస్రీన్.
"తెచ్చి, కొలిచి, ఏమీ లేకపోతే కదా సున్నా.
నీకు తెలీనిదాన్ని ఖాళీగా వదిలిపెట్టు."

ఒక్కొక్కటే తుడిచినాను.
లెక్క మళ్లా నడిపితే
ఐదు పాయింటు రెండు.
బోనసుకి కావాల్సింది నాలుగే.
ఆ జాబితా దసరాకి ముందే నేను చేత్తో కట్టి
సంతకం పెట్టి పంపేసినాను.

తెల్లారి దేశమ్మతో చెప్పినాను, అందరి ముందరే.
చిరునవ్వు కూడా నవ్వలేదు.
"సరే గానీ, ఈపొద్దు ఫ్యాటెంతో సరిగా చూడు," అనింది.
అధ్యక్షుడికి అర్జీ రాసి, దాని కింద
కంప్యూటరు చెప్పిన లెక్క అతికించినాను.
ఇంకా ఏమీ చెప్పలేదు వాళ్లు.

ఈపొద్దు చెంగల్రాయుడు రాలేదు.
అలవాటుకొద్దీ పెన్ను గడి దాకా పోయి
గుండ్రంగా తిరగబోయి ఆగింది.
బయట పాలబండాయన హారను మీద హారను కొడతా ఉండాడు.
ఆ గడిని అట్లే వదిలేసి
పక్కన సన్నగా రాసుకున్నాను,
ఎందుకు రాలేదో కనుక్కోవాల.