అమీను బండి

చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకే లేస్తుందట.
పది మైళ్ళు పోయి ఒళ్ళు కాగాక
నడిరోడ్డు మీద చచ్చి ఊరుకుంటుందట.
"కార్బొరేటర్ మార్పించానండీ, ప్లగ్గు మార్పించానండీ"
అంటున్నాడు కుర్రాడు,
విశాఖపట్నం నుంచి ట్రాలీ ఆటోలో
మాచ్‌లెస్‌ని తాళ్ళతో కట్టి తెచ్చినవాడు.
ట్యాంకు మీది రెక్కల గుర్తు చూడమంటాడు.
నేను పక్క పెట్టెకి పడ్డ నొక్కు చూస్తున్నాను.
"ఎవరిది బావూ ఈ బండి?"
"మా తాతదండి. కోర్టులో చేసేవారు."
కోర్టులో ఏం చేసేవారో నేనడగలేదు.

గంటస్తంభం వెనక సందులో నా రేకుల షెడ్డు.
రైతుల బోరు మోటార్లు పక్కకి జరిపి
దీనికి చోటు చేశాను.

మాగ్నెటోకి బ్యాటరీ అక్కర్లేదు.
ఎవరి దగ్గరా అప్పు చెయ్యదు.
నువ్వు తన్నితే, ఆ తన్నులోంచే
నిప్పు పుట్టించుకుంటుంది.
ఆర్మేచర్ బయటికి లాగేముందు
అయస్కాంతానికి అడ్డంగా ఇనప ముక్క పెట్టాలి,
లేకపోతే దాని సత్తువ గాల్లో కలిసిపోద్దని
మా గురువు గొంప గవరయ్య చెప్పేవాడు.
పెట్టాను. లాగాను.
లోపల లక్క కరిగి
ముదురుపాకంలా కారి గడ్డకట్టింది.

తలవెంట్రుక కన్నా సన్నం తీగ,
తొమ్మిది వేల చుట్లు.
రెండు వేల దగ్గర ఫోను మోగి లెక్క తప్పింది.
విప్పి మళ్ళీ ఒకటి.
ఆరు వేల దగ్గర మాయమ్మ గుర్తొచ్చింది.

నెల్లిమర్ల అవతల, చంపావతి ఒడ్డున మా ఊరు.
నాకు ముందు ఇద్దరు పోయారని
నన్ను చేటలో పెట్టి పొరుగింటికిచ్చేసి
గుప్పెడు తవుడుకి తిరిగి కొనుక్కుందామె.
అందుకే నేను తవుడుని.
నా ధర అంతే.
మా ఇత్తడి బిందెకి ధర కట్టేవాడు మాత్రం
కోర్టు అమీను.
అతగాడి బండి ఏటి అవతల ఉండగానే
డుబ్బు డుబ్బుమని మోత.
"అమీను బండొస్తంది, సామాన్లు దాసీయండర్రా!"
గడ్డివాములోకి, పెంటకుప్పలోకి,
బాలింత మంచం కిందికి.

ఒక వేసంగిలో
ఏటి ఇసకలో దిగబడి బండి ఆగిపోయింది.
తన్నాడు. తన్నాడు. చొక్కా విప్పి తన్నాడు.
రాయి తీసి పెట్టె మీద ఒక్కటిచ్చాడు.
మాయమ్మే చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళింది,
జప్తు కాయితంలో రాసున్న చెంబే.
"కూకోండి బావూ, సల్లారితే అదే లెగుస్తాది."
తాటి నీడన అతను కూకున్న ఆ గంటలో
ఊరి ఆడోళ్ళు ఇత్తడంతా నెత్తినెట్టుకుని
పైరేవులో ఏరు దాటించేశారు.
బండి చల్లారింది, లేచింది, వచ్చింది.
మా ఇంట్లో దానికి మట్టికుండలు దొరికాయి.

ఇదీ కండెన్సరు.
బొటనవేలంత లేదు.
వేడెక్కితే మాట తప్పేది ఇదే.
ఆవేళ ఇసకలో
మా ఊరి తరఫున సాక్ష్యం చెప్పిందీ ఇదే అయ్యుండాలి.
చాలాసేపు అరచేతిలో పెట్టుకుని కూకున్నాను.
టీ చల్లారిపోయింది.
తర్వాత కొత్తది వేశాను. పని పనే కదా.

పాయింట్ల మధ్య సిగరెట్టు కాయితం పెట్టి
చక్రం కాస్త కాస్త తిప్పుతూ
కాయితం మీద పట్టు సడలిన చోట టైమింగ్ బిగించాను.
దీపం ఆర్పి తిప్పి చూస్తే
ప్లగ్గు కొసన నీలం.

"ఎంతివ్వమంటారండీ?"
తీగ ఖరీదు చెప్పాను, లక్క ఖరీదు చెప్పాను,
రెండు రోజుల కూలి చెప్పాను.
"ఆ పాత ముక్క నాకొగ్గీండి."
"అది పనికిరాదు కదండీ?"
"పనికొచ్చింది బావూ."
నవ్వాడు. నేనూ నవ్వాను.

రెండో కిక్కుకి లేచింది.
డుబ్బు డుబ్బుమంటూ సందు దాటి
కంటోన్మెంట్ వైపు తిరిగింది.
ఈసారి భీమిలి దాకా ఆగదు, నాదీ పూచీ.
మోత పూర్తిగా వినబడకుండా పోయాక
టీ కోసం చెయ్యి చాపితే
బల్ల మీద గ్లాసు లేదు.
మాయమ్మ ఇత్తడి గ్లాసు.
ఎప్పుడు తోసేశానో,
బల్ల కింద, బోరు మోటార్ల వెనక,
గోనె కప్పి ఉంది.