కుట్టు లెక్క

సోమవారం పొద్దున్న రాజమండ్రి బండికేగా సునందా,
ఇలా కూర్చో.
ఈ లేసు పువ్వు అయ్యేదాకా చెబుతా,
చెయ్యి ఆపితే నాకు లెక్క తప్పుతుంది.

నా ముక్కు సంగతి ఎరుగుదువుగా.
బియ్యపుతిప్ప రేవులో ఐస్ దిమ్మ జారి
ఎముక పక్కకి పోయింది.
ఆరేళ్ళు నోటితోనే ఊపిరి.
నీ ముక్కుకి గాలి బాగానే ఆడుతోంది.
ఆ తేడా మనసులో పెట్టుకుని విను.

బోర్డు మీద పేరు కాదే,
కత్తి పట్టేది ఎవరో అడుగు.
బాగా కుదరని ముక్కు ఒక్కటి చూపించండి అను.
భీమవరంలో ఒకాయన
"మా దగ్గర అలాంటివి ఉండవమ్మా" అని నవ్వాడు.
చెప్పులేసుకుని వచ్చేశాను.
రాజమండ్రాయన సొరుగు లాగి ఫొటో తీశాడు,
"ఈవిడకి రెండోసారి చెయ్యాల్సొచ్చింది" అన్నాడు.
ఆయనకే ఇచ్చాను నా ముఖం.

సంతకం కాగితం చదువు.
ఏజెంటు మన లేసు గజాలు కొలుస్తుంటే
ఎంత కళ్ళు పెట్టి చూస్తామో, అంతా.
రెండోసారి చెయ్యాల్సొస్తే డబ్బెవరిదో
అందులో ఉందో లేదో చూడు.
నేను చూడలేదు, అందుకే చెబుతున్నా.

వేసుకునే ప్రతి బిళ్ళా చెప్పు,
ఆరెంపీ పొట్లం కట్టి ఇచ్చినవీ, నాటు కషాయమూ.
కొన్నిటికి రక్తం ఆగదట.
మా అత్త పక్కన మాత్రం నెల్లాళ్ళు కూర్చోకు,
ఆవిడ చుట్ట పొగకి పుండు మానదట.
ఆవిడతో అనకు, పడదు.

ముందురోజు రాత్రి నుంచి ఏం తినొద్దన్నారా,
కాఫీ కూడా తిండేనని
నాకెవరూ చెప్పలేదు.
అయిదింటికి ఒక్క గుక్క తాగినందుకు
తిరుగు బండెక్కించారు,
కూలీ పోయింది, చార్జీలు పోయాయి.

తర్వాత సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు.
కళ్ళ కింద నేరేడు పళ్ళు కాస్తాయి.
మా బుడ్డోడు నన్ను చూసి
రెండ్రోజులు గడప దాటి లోపలికి రాలేదు.
పదో రోజున ఏడుపొచ్చింది,
నొప్పికి కాదు, ఎందుకో నాకే తెలీదు.
అద్దం తీసి బియ్యం డబ్బాలో పెట్టేశాను.

వేసవిలో కాలవ కట్టేస్తారు చూడు,
లాకులు దించిన రోజునే అడుగు బయటపడుతుందా?
మడుగులు మిగుల్తాయి, బురద మిగుల్తుంది,
వాపు తియ్యడం కూడా అంతే.
ఏడాది పట్టింది.
ఇక ముక్కు కొసంటావా, శివారు పొలం.
అందరికీ పారాక దానికి నీళ్ళు.
ఈగ వాలినా తెలిసేది కాదు నాకు,
పక్కవాళ్ళు చెబితే తోలుకునేదాన్ని.

మా వీధిలో ఎవరూ ఏమీ అనలేదే సునందా.
అదొకటి గుర్తుపెట్టుకో.
"చిక్కావేంటి" అందొకామె, అంతే.
నాకు మాత్రం ఒక తెల్లారుగట్ల
రొయ్యల షెడ్డు కంపు గుప్పుమంది,
ఆరేళ్ళ తర్వాత.
సంతోషంతో వాంతి చేసుకున్నాను.

నీ ఫోన్లో ఆ బొమ్మ చూపించావు కదా,
మొహం నీదే, ముక్కు ఎవరిదో.
డాక్టరుకి చూపించు, తప్పులేదు,
ఇంత వస్తుంది, ఇంత రాదు అని ఆయన చెబుతాడు.
ఆయన అడగనిది ఒకటి
నేను అడగనా?
మీ నాన్న తణుకులో ఆవిడ దగ్గరికెళ్ళిపోయిన ఏడాదే
నువ్వీ ముక్కు వద్దనడం మొదలెట్టావు.
అందరూ నిన్ను చూసి
"అచ్చం వాళ్ళ నాన్నే" అనడం నేనూ విన్నాను.
నువ్వు తీయించుకునేది ముక్కునా,
ఆయన్నా?

జవాబు నాకొద్దు.

అయ్యో, చూడు.
మాటల్లో పడి గొలుసులో ఒక కుట్టు తక్కువేశాను.
పర్లేదు, లేసుకి ఇదే సుఖం,
కొస పట్టుకు లాగితే
సర్రున ఊడి మళ్ళీ దారమైపోతుంది.
నీ మొహానికి ఆ కొస లేదమ్మా.

టీ పెడతాను ఉండు.
ఆ బండి
మంగళవారం కూడా ఉంటుంది.