మూత కింద

గ్రీమ్స్‌పేట ల్యాబులో నా పని పళ్ళ రంగు చూడడం.
డాక్టరు పంపిన అచ్చు పక్కన
పదహారు పింగాణీ పళ్ళ పట్టీ పెట్టి
ఎవరి నోట్లోనో చప్పుడు లేకుండా కలిసిపోయే
ఒక పన్ను చేసి పంపిస్తాను.
తెల్లటి పన్ను లోకంలో లేదు.
పద్దెనిమిదేళ్ళలో నేను నేర్చుకున్నది
ఈ ఒక్క ముక్కే.

రాత్రి పదింటికి అదే దీపం కింద,
అదే కుంచెతో,
ముప్పై అయిదో వంతు ట్యాంకు ఒకటి చేస్తున్నాను.
దాని ఇంజను నా చిటికెన వేలంత.
పన్నెండు సిలిండర్లు,
ఆరూ ఆరూ ఒకరికొకరు పడనట్టు
చెరోవైపు వాలి ఉంటాయి.
పెట్టెలోని కాగితం వెండిరంగు అంటుంది.
మద్రాసు నుంచి తెప్పించిన సీసా నీలిబూడిద అంటుంది.
దొరికిన ఒక్క ఫొటో
నలుపూ తెలుపూ. అది ఏమీ అనదు.

ఆదివారం సంతపేట పోయాను,
హవల్దార్ చెంగల్రాయులు ఇంటికి.
డెబ్బై ఒకటిలో ఆయన ఆ ఇంజన్ల కడుపులో
మోచేతుల దాకా ఉన్న మనిషి.
అట్టముక్క మీద తొమ్మిది చుక్కలు వేసి తీసుకుపోయాను.
ఆయన దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి
ఒక కన్ను మూసి చూశాడు,
ఆ కన్ను తెరిచి ఇంకోటి మూసి చూశాడు.

"అమ్మణ్ణీ,
కుడి కంటికి పోయిన్నెల ఆపరేషన్ చేసినారు.
దాంతో చూస్తే నాలుగో చుక్క.
ఎడమది ఇంకా చేపించుకోలా.
దాంతో అయితే ఏడోది.
ఆ పొద్దు చూసిన కన్ను ఈ రెండూ కాదు."

లేచి వంటింట్లోకి పోయి
సత్తు గిన్నె ఒకటి తెచ్చాడు,
కట్టెల పొయ్యి మీద కాగి కాగి మెరుపు చచ్చింది.
"అడుగు కాదు, అంచు కాదు.
మధ్యలో ఈ బెత్తెడు చూడు. ఇదీ."
"అది రసం గిన్నె మామా!"
లోపల్నుంచి కోడలి కేక.

వెండిలో గోధుమ ఒక చుక్క,
నలుపు సూదిమొన మీద ఎంత నిలిస్తే అంత.
పదో చుక్క కుదిరింది.
రెండు కళ్ళూ తెరిచే చూసి తలూపాడు.
నేను మూతలు బిగిస్తుంటే అన్నాడు:
"అంతా అదే పూసేయొద్దు.
స్టార్టరు మాత్రం పచ్చ."

ఎందుకంటే అది ఏడో నంబరు బండిది.
వేరే డిపోలో రంగేసి పంపినారు.
"స్టార్టరు బాగుండాది. బండే బాగలేదు.
విప్పి దీనికి పెట్టినాము."
బండిలో వాళ్ళు? నేనడగలేదు.
ఆయన రసం గిన్నెను
తుండుగుడ్డతో చాలాసేపు తుడిచాడు.

"ఏం పచ్చ?"
"తోతాపురి.
పల్ప్ ఫ్యాక్టరీకి పోయే లారీలో
అట్టడుగున పడిన కాయ,
పైవాటి బరువుకు కమిలి ఉంటాది చూడు,
ఆ పచ్చ."

జూన్ నెల. రోడ్డంతా లారీలే.
దర్గా దగ్గర ఒకదాన్ని ఆపి
కమిలిన కాయ కావాలంటే
డ్రైవరు నన్ను పైకీ కిందికీ చూసి
మంచిది కూడా ఒకటి ఇచ్చాడు.

"మూత అంటించినాక
ఇంజను ఎవరికి కనిపిస్తాది మేడమ్?"
ల్యాబులో సుభాన్ అడిగాడు.
దవడ పన్ను లోపలివైపు
గీతలు ఎందుకు చెక్కుతాం రా?
ఎవరు చూస్తారు?
వాడు కాసేపు ఆలోచించి
తన నోట్లోనే వెతుక్కుని
"నాలిక" అన్నాడు.

మళ్ళీ ఆదివారం.
చెంగల్రాయులు అరచేతిలో ఇంజను పెట్టాను.
ఈసారి ఏ కన్నూ మూయలేదు, ఏ కన్నుతోనూ చూడలేదు.
గోటితో మెల్లగా తడిమాడు,
సిలిండరు పక్కన సిలిండరు,
పచ్చ దగ్గర ఆగి,
చుట్టూ ఒక రౌండు.

"ఈడ బోల్టు ఒకటి తక్కువుండాది."

దీపం కిందికి తెచ్చి లెక్కపెట్టాను.
నిజమే.
మూత ఇంకా అంటించలేదు.